సీసా మూత చప్పుడు

ఆ రాత్రి నేను ఈసా టౌన్ స్టేడియంల
తడిగుడ్డ కర్ర పట్టుకొని ఉన్న.
ఇది కండ్లార చూసిన సంగతి.
మిగతాది ఎవలు చెప్పినా
నాకు వార్త, అంతే.

బానోత్ సక్కుబాయి
పదిహేనువందల మీటర్లు గెలిచి
భుజాల మీద జెండాతోని
పరీక్ష గది బయట బల్ల మీద కూసున్నది.
పక్కన, మెడల కార్డు వేసుకున్న ఒకామె
విడువని నీడ లెక్క.
నీళ్ళ సీసాలు ఒకటి, రెండు, ఐదు.
అంతా చెమటై పోయినంక ఒంట్లె ఏముంటది?
రెండు గంటలైనా రాలేదు.
నేను అదే గచ్చు మూడుసార్లు తుడిచిన.

"అన్నా, ఏ ఊరు?" అన్నది.
"కోరుట్ల దిక్కు."
"మాది డోర్నకల్ అవతల తండా"
అన్నది, కాలి బొబ్బ మీద
సల్లటి సీసా ఒత్తుకుంట.

అటెన్క తలుపు పడ్డది.
లోపట మూత బిగిస్తుంటే
కటకట కటకట
నిద్రల పండ్లు కొరికినట్టు చప్పుడు.
ఒక్కసారి బిగిసిందంటే
పగలగొట్టాల్సిందే గానీ తెరువరాదట.

నెలన్నర దాటింది.
సల్మాబాద్ క్యాంపు, ఏడో నంబరు గది,
శుక్రారం, పప్పు ఉడుకుతున్నది.
ఎనిమిది మంచాలు, ఎనిమిది ఫోన్లు,
అన్నిట్ల ఆమె మొఖమే.

గంగాధర్ పళ్ళెం పక్కకు నూకిండు:
"తండా పిల్ల గెలిస్తే ఎవనికో కడుపు మండింది."
షిబు అన్నడు, వచ్చీరాని తెలుగుల:
"రెండో సీసా ఉంది కదా, తెరువనీ."
జర్వలీ, ఒకప్పుడు అల్ ఐన్ల
పందెం ఒంటెలను కాసినోడు,
గడ్డం గోక్కుంట అన్నడు:
"ఒంటెకు ఏం తాపుతరో నాకెరుక.
ఒంటెకు ఎరుకనా?"

రాజమల్లు మాత్రం ఒక్కటే పట్టు:
"మిషన్ అబద్ధమాడదు.
ఏడాదిల ఏడు సెకండ్లు ఎట్ల తగ్గిందో
ముందు అది చెప్పుండ్రి."

నా చేతుల ఉల్లిగడ్డ ఆగింది.
పన్నెండేండ్ల కింద, హైదరాబాదుల,
గల్ఫు మెడికల్ సెంటర్ పాయఖాన్ల,
షుగరున్న రాజమల్లు సీసా
నేను నింపిన.
నా ఉచ్చ మీద వాని పేరు.
ఫిట్ అని ముద్ర పడ్డది.
ఆ ముద్రతోనే విమానమెక్కిండు,
అప్పు తీర్పిండు, ఇల్లు లేపిండు.
ఇప్పటికీ రోజూ తెల్లారగట్ల
దుప్పటి కింద సూది వేసుకుంటడు.

మిషన్ అబద్ధమాడలే, నిజమే.
దానికి ఇచ్చింది అది చెప్పింది.

మరి ఎల్లయ్య?
రాయి అసొంటి మనిషి.
ఎక్స్‌రేల మచ్చ ఉన్నదన్నరు,
వారంల వాపసు పంపిండ్రు.
జగిత్యాల డాక్టరు ఎంత దేవులాడినా
ఆ మచ్చ దొరకలే.
వాని మీద అప్పు మాత్రం దొరికింది.

బొబ్బ నిజమని చెప్తామనుకున్న.
మందు తీసుకున్నోళ్ళకు బొబ్బలు రావా?
జులైల మా ఫోర్‌మన్ తెల్ల గోళీలు పంచిండు.
ఏందని అడిగిన్నా?
మింగి, పదకొండో అంతస్తు దాక
ఇనుము మోసిన.
అలుపు తెల్వలే.
ఆ బిల్డింగు నా దగ్గరికెల్లి
ఎవలూ వాపసు తీసుకోలే.

ఆమె కూడ అడుగలేదేమో.
లేకుంటే అడిగే మింగిందేమో.
బల్ల మీద కూసొని ఊరడిగిన గొంతుల
దొంగతనం వినవడలే.
నా గొంతుల ఎవలకన్నా వినవడ్డదా,
పన్నెండేండ్ల సంది?

"నర్సన్నా, నువ్వు ఆడ ఉన్నవు కదనే,
నువ్వు చెప్పు" అన్నడు రాజమల్లు,
అలవాటున అనేసి,
అన్నంక నా దిక్కు చూసిండు.
చూసి, పప్పు గిన్నె మీద మూత
సరిగనే ఉన్నా
మళ్ళ సరిచేసిండు.

"రెండోది తెరిచేది ఎన్నడట?"
షిబును అడిగిన.
"పద్దెనిమిది."

ఆ దినం నాకు నైటు డ్యూటీ.